రబ్బరు పొర, సిలికాన్ పొర: నడిగడ్డ లారీల్లో గాలి లెక్క

లారీ ముఖం మీద ఉండే నాలుగంకెలను చదవడం వస్తే మన డీజిల్ చరిత్ర సగం వచ్చినట్టే. టాటా 1210 అంటే బండీ, సరుకూ కలిపి పన్నెండు టన్నులు, ఇంజన్ బలం ఇంచుమించు వంద హార్స్‌పవర్. 1612 అంటే పదహారు టన్నులు, నూట ఇరవై. 2518 అంటే పాతిక టన్నులు, నూట ఎనభై. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. మూడిరుసుల లారీకి 25 టన్నులున్నది 28.5 టన్నులైంది, ఆ వరస బండి పేరు 2818గా మారింది. 4825 దగ్గరికొచ్చేసరికి దాదాపు నలభై ఎనిమిది టన్నులకు రెండువందల యాభై హార్స్‌పవర్. ఈ వరసలో ఇంజన్ పరిమాణం అయిదు లీటర్ల దగ్గర మొదలై ఏడు లీటర్లు దాటలేదు. బలం మాత్రం రెండున్నర రెట్లయింది. సిలిండరు పెద్దగా పెరగకుండా బలం ఇంతగా పెరిగిందంటే ఆ తేడా గాలిలోంచి వచ్చింది. అదే సిలిండరులోకి ఎక్కువ గాలిని కుక్కి, దానికి తగినంత డీజిల్ కొట్టారు. గాలిని కుక్కడం మొదలైన రోజునే ఎంత కుక్కామో తెలుసుకోవలసిన అవసరమూ పుట్టింది. ఇవాళ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద బొటనవేలంత ఉండి, పీడనం, ఉష్ణోగ్రత రెండూ ఒకేసారి చూసే సెన్సర్ ఆ అవసరానికి పుట్టిన బిడ్డల్లో చివరిది. దాని ముందు తరాలు రెండున్నాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో లారీ పని చేసేవాళ్ల మధ్య ఒక మాట స్థిరపడిపోయింది: సెన్సర్లొచ్చాక మెకానిక్ విద్య పోయింది అని. ఈ మాటను సగమే ఒప్పుకోవాలి. డీజిల్ మెకానిక్ విద్య మొదటినుంచీ గాలిని అంచనా వేసే విద్యే. చూపుతో, చెవితో, చేతితో చేసిన ఆ అంచనాను సెన్సర్ అంకెగా మార్చింది. అంకె వచ్చినంత మాత్రాన విద్య చావదు. ఆ అంకెను చూసే వీలు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే ఇక్కడ ఈ వృత్తి చరిత్రలో అసలు మలుపు. ఆ మలుపు అందరికన్నా గట్టిగా తగిలింది గట్టులాంటి మండలాలకు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దున ఉన్న గట్టు 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత బాగా తక్కువగా నమోదైన మండలాల్లో ఒకటి. బడికి పోని పిల్లవాడు కూడా పైకి రాగలిగిన కొద్దిపాటి యంత్రవృత్తుల్లో లారీ రిపేరు ఒకటిగా ఉండేది. ఆ దారి ఎలా ఏర్పడిందో, ఎక్కడ ఇరుకైందో చూడాలంటే పంపు దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటరు తొక్కితే గాలి తలుపు తెరుచుకుంటుంది, పెట్రోలు గాలి వెంట పోతుంది. పాత డీజిల్ ఇంజన్లలో ఎక్కువవాటిలో గాలికి తలుపే లేదు. గాలి పీల్చే స్ట్రోకులో పిస్టను కిందికి దిగినప్పుడల్లా పట్టినంత గాలి లోపలికొస్తుంది. యాక్సిలరేటరు చేసేదల్లా పంపులో ర్యాక్‌ను జరిపి డీజిల్‌ను పెంచడం, తగ్గించడం. ర్యాక్ ఎంతవరకు జరగవచ్చో ఒక స్క్రూ ఆపుతుంది. గాలి సరిపోని మేరకు డీజిల్ పడితే నల్లపొగ వస్తుంది కాబట్టి, పొగ మొదలయ్యే చోటికి కాస్త ఇవతల ఆ స్క్రూను నిలిపి కంపెనీవాళ్లు సీసపు సీలు వేసేవారు. బాష్ కంపెనీ జర్మనీలో ఇలాంటి పంపులను 1927 నుంచి పెద్దయెత్తున తయారుచేసింది. మన దేశంలో ఆ పని 1951లో బెంగళూరులో పుట్టిన మైకోది. టాటాలు డైమ్లర్ బెంజ్‌తో కలిసి 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు, మద్రాసులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ లారీల గుండెలో ఉన్నది ఈ రకం పంపే. సీలు చుట్టూ కాపలా ఎవరూ ఉండరు కనుక నున్నటి రోడ్డు మీద పికప్ చాలదనిపించిన ఓనరు సీలు తెంపించి స్క్రూ తిప్పించడం దేశమంతా జరిగిన పనే. అప్పుడు గాలిని ‘కొలిచే’ పరికరం డ్రైవరు కన్ను. పొగ తెల్లగా ఉందా, నీలంగా ఉందా, నల్లగా ఉందా చూసి గాలికీ డీజిల్‌కూ పొత్తు కుదిరిందో లేదో చెప్పేవాడు. ఆ కంటికి ఒక పరిమితి ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి, జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి ఒకే పరిమాణంలో తీసుకుంటే బరువులో దాదాపు ఎనిమిది శాతం తేడా ఉంటుంది. స్క్రూకు ఋతువులు తెలియవు. చలికాలంలో పొగలేని బండి ఎండాకాలం బీచుపల్లి వంతెన దాటి చడావు మీద పొగ కక్కితే పంపు చెడిందనుకునేవారు. పంపు చెడలేదు, గాలి పలచబడింది.

ఈ ప్రాంతంలో మోటారు పని ఎలా వేళ్లూనుకుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే యంత్రం ఒక్కటే వృత్తిని తయారుచేయదు. నిజాం రాజ్యంలో రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడి, తర్వాత్తర్వాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో డిపోలు నడిచాయి. ప్రతి డిపోకూ గ్యారేజీ ఉంటుంది, గ్యారేజీ ఉన్నచోట పని తెలిసిన చేతులు తయారవుతాయి. మరోవైపు హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మీదుగా పోతుంది. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య సరుకులో చాలా భాగం దీనిమీదే. చౌరస్తా ఉన్నచోటల్లా పంక్చరు షాపు, దాని పక్కన కమాన్‌పట్టీల పని, దాని పక్కన ఇంజన్ మెకానిక్. మూడో దారి సాగునీటి ప్రాజెక్టులు. నాగార్జునసాగర్ నుంచి దేశంలోని ఎన్నో ఆనకట్టల దాకా మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’ లారీల్లోనే పోయి లారీల్లోనే వచ్చింది. వాళ్లలో టిప్పరు ఎక్కి క్లీనరైనవాడు, క్లీనరు నుంచి డ్రైవరైనవాడు, డ్రైవరు నుంచి మెకానిక్ అయినవాడు ఊరికొకరు దొరుకుతారు. 2004 తర్వాత జలయజ్ఞంలో నెట్టెంపాడు, కల్వకుర్తి, భీమా ఎత్తిపోతలు, 2015లో పాలమూరు-రంగారెడ్డి మొదలయ్యాక పని ఇంటి ముంగిటికే వచ్చింది. ర్యాలంపాడు, నార్లాపూర్, ఏదుల కట్టల మీద తిరిగిన టిప్పర్లకు పగలూ రాత్రీ మెకానిక్కులు కావలసివచ్చింది. ఈ మూడు దారుల్లో ఏదీ పుస్తకం అడగలేదు. అదే సమయంలో వనపర్తి సంస్థానాధీశుల కోటలో 1959లో పెట్టిన పాలిటెక్నిక్ ఇంజనీరింగ్ డిప్లొమాలిస్తూనే ఉంది. గ్యారేజీ చదువూ, కోటలో చదువూ ఒకే సీమలో అరవై ఏళ్లు పక్కపక్కన నడిచి ఒకదాన్నొకటి పెద్దగా పలకరించుకోలేదు. ఈ ఎడం అప్పట్లో ఎవరికీ నష్టంగా కనిపించలేదు. పంపు యుగంలో అది చెల్లిపోయింది.

ఇక రెండో తరం. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో టర్బోచార్జరుకు పేటెంటు తీసుకున్నాడు. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకే బిగించిన మరో చక్రంతో గాలిని లోపలికి నెట్టడం దాని సూత్రం. మన లారీలకు అది విరివిగా పట్టింది 1990ల్లో. 1993లో టాటా కమిన్స్ ఏర్పడటం ఆ మలుపుకు ఒక గుర్తు. టర్బో రాగానే పాత స్క్రూ పద్ధతి కుదరలేదు. టర్బో వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఈలోగా డ్రైవరు యాక్సిలరేటరు అదిమితే డీజిల్ ముందే పడిపోతుంది, గాలి వెనకబడుతుంది, బండి నల్లటి మబ్బు వదులుతుంది. దీనికి విరుగుడుగా పంపు గవర్నరు మీద గిన్నెలాంటి మూత ఒకటి వచ్చింది, దాన్నే బూస్ట్ కాంపెన్సేటర్ అంటారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి పెన్సిలు లావు పైపు ఒకటి దాని నెత్తికి చేరుతుంది. లోపల రబ్బరు పొర, పొర కింద స్ప్రింగు, పొరకు తగిలించిన కడ్డీ. మానిఫోల్డ్‌లో పీడనం తక్కువున్నంతసేపు స్ప్రింగు పొరను పైకి ఎత్తిపట్టి, కడ్డీ ర్యాక్‌ను పూర్తిగా జరగనివ్వదు. బూస్ట్ పెరిగేకొద్దీ గాలి పొరను కిందికి నొక్కుతుంది, కడ్డీ తప్పుకుంటుంది, ర్యాక్ ముందుకు పోతుంది, డీజిల్ పెరుగుతుంది. ఒక్క వైరు లేదు, ఒక్క చిప్పు లేదు. అయినా ఇది గాలి పీడనాన్ని గ్రహించి ఇంధనాన్ని నిర్ణయించే పరికరమే. ఇంకా వెనక్కి పోతే కొన్ని చిన్న డీజిల్ ఇంజన్లలో మానిఫోల్డ్‌లోని లాగుడుతో నడిచే వాయు గవర్నర్లూ ఉండేవి. కాబట్టి గాలిని అడిగి డీజిల్ కొట్టే ఆలోచన కంప్యూటరుతో వచ్చిందనడం తప్పు.

ఆ రబ్బరు పొర జబ్బులు మెకానిక్కులకు కంఠతా వచ్చు. పొర చిరిగితే బండి పొగ పెట్టదు, అలాగని లాగదు కూడా. ఖాళీగా బాగా పరుగెత్తి, లోడు వేయగానే చచ్చుబడుతుంది. పైపు పగిలినా, మసితో మూసుకుపోయినా అదే లక్షణం. పైపు ఊడదీసి నోటితో ఊది పొర పట్టు చూడటం, స్ప్రింగు బిగువు మార్చి పికప్ పెంచడం, పెంచినదానికి పొగ రూపంలో మూల్యం చెల్లించడం, ఇదంతా ఒక పరిజ్ఞానం. అయితే గమనించవలసిందేమిటంటే, ఇక్కడ కూడా పంపు లోపలి పని ఊరి మెకానిక్‌ది కాదు. ఆరు సిలిండర్లకూ సమానంగా డీజిల్ పడుతోందో లేదో చూసే కాలిబ్రేషన్ బెంచీ పట్నంలో డీజిల్ పంపు వర్క్‌షాపుల్లోనే ఉండేది. పంపు ఊడదీసి గోనెసంచిలో చుట్టి బస్సెక్కించి పంపేవారు. పాత కాలంలో మెకానిక్‌కు సర్వాధికారం ఉండేదన్న జ్ఞాపకం కొంత తీపి పూసుకున్న జ్ఞాపకమే. తాళం అప్పుడూ ఉంది, కాకపోతే అది సీసంతో చేసింది, కటింగ్ ప్లేయరుకు లొంగేది.

రబ్బరు పొరకు ఒక గుడ్డితనం ఉంది. అదే మూడో తరాన్ని తప్పనిసరి చేసింది. పొరకు పీడనమే తెలుస్తుంది, వేడి తెలియదు. టర్బో గాలిని నొక్కితే గాలి కాగుతుంది. 40 డిగ్రీల ఎండగాలిని రెండింతలు నొక్కితే మామూలు కంప్రెసరు నుంచి అది దాదాపు 140 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. రేడియేటరు ముందున్న ఇంటర్‌కూలర్ దాన్ని 60 డిగ్రీల దాకా చల్లారుస్తుంది. రెండు బార్ల పీడనంలో 60 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 2.1 కిలోలు తూగుతుంది. అదే రెండు బార్ల దగ్గర 140 డిగ్రీల గాలి 1.7 కిలోలే. ఇంటర్‌కూలర్ రేకుల మధ్య మట్టి, దూది, వరిగడ్డి పొట్టు పేరుకుని చల్లార్చడం మానేస్తే సిలిండరులోకి చేరే ఆక్సిజన్ అయిదోవంతు తగ్గిపోతుంది. రబ్బరు పొరకు మాత్రం రెండూ ఒకటే. అది అదే మోతాదు డీజిల్‌కు అనుమతిస్తుంది. మిగిలిన డీజిల్ పొగవుతుంది, పొగ కానిది పొగగొట్టం వేడిగా మారి టర్బోనూ వాల్వులనూ కాలుస్తుంది. గద్వాల, గట్టు, మల్దకల్ చుట్టూ విత్తన పత్తి విస్తారంగా పండే సీమలో, వేరుశనగ పొట్టు గాలిలో తేలే మార్కెట్ యార్డుల్లో ఇది పుస్తకాల్లోని సమస్య కాదు. పీడనాన్నీ వేడినీ కలిపి చూస్తే తప్ప గాలి బరువు తెలియదు. గాలి బరువు తెలియకుండా డీజిల్ కొలత కుదరదు.

కొత్త సెన్సర్ లోపల ఈ రెండు పనులకూ రెండు వేరు వేరు పాత విషయాలున్నాయి. వేడి సంగతి చూసేది థర్మిస్టరు. వేడెక్కేకొద్దీ కరెంటుకు అడ్డుతగలడం తగ్గించుకునే పదార్థాలున్నాయని ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. బాష్ తయారీ సెన్సర్లలో విరివిగా కనిపించే రకంలో 20 డిగ్రీల దగ్గర 2,500 ఓములుండే నిరోధం, 100 డిగ్రీల దగ్గర రెండు వందల ఓములకు లోపు పడిపోతుంది. సెన్సర్ మూతి దగ్గర ప్లాస్టిక్ పంజరంలో వేలాడే చిన్న పూస అదే. పీడనం సంగతి చూసేది సిలికాన్ పొర. సిలికాన్‌ను వంచితే దాని నిరోధం మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో ప్రకటించాడు. టాటా లారీ పుట్టిన ఏడాదే అది. మైక్రాన్లలో కొలిచేంత పలచగా చెక్కిన సిలికాన్ పొరకు ఒకవైపు శూన్యం, మరోవైపు మానిఫోల్డ్ గాలి. పొర మీద నాలుగు నిరోధాలను వీట్‌స్టన్ బ్రిడ్జిగా కూర్చుతారు. గాలి నొక్కినకొద్దీ పొర వంగి బ్రిడ్జి తూకం తప్పుతుంది. ఆ తప్పును పక్కనే ఉన్న చిప్పు పెద్దది చేసి, అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య సిగ్నలుగా పంపుతుంది. కనెక్టరులో నాలుగు పిన్నులు: ఎర్తు, వేడి సిగ్నలు, 5 వోల్టుల సరఫరా, పీడనం సిగ్నలు. పాత పంపు మీద రబ్బరు పొర కడ్డీని తోసి తనే నిర్ణయం తీసుకునేది. సిలికాన్ పొర నిర్ణయమేదీ తీసుకోదు, కబురు మాత్రం పంపుతుంది. నిర్ణయం ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటరులో, అంటే ఈసీఎం పెట్టెలో, కంపెనీ రాసిపెట్టిన పట్టికల్లో జరుగుతుంది. పొరకు పొరే వారసురాలైనా అధికారం మాత్రం పెట్టెలోకి పోయింది.

ఈ మార్పు ఎప్పుడు ఎలా వచ్చిందన్నదానికి తేదీలున్నాయి. దేశవ్యాప్తంగా 2000లో యూరో-1కు సమానమైన పొగ ప్రమాణాలు, 2005లో భారత్ స్టేజ్-2 (బీఎస్-2), 2010లో బీఎస్-3 వచ్చాయి. హైదరాబాదులాంటి నగరాలకు 2010లోనే బీఎస్-4 వర్తించినా, జిల్లా లారీ మాత్రం 2017 దాకా బీఎస్-3గానే అమ్ముడైంది. అందులో మెకానికల్ పంపులు ఇంకా బతికే ఉన్నాయి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకమే కుదరదంది. బీఎస్-5ను దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం పదిలక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది. అంటే యూరపు లారీ మెకానిక్‌కు ఒక తరం పాటు మెట్టుమెట్టుగా వచ్చిన మార్పు నడిగడ్డ మెకానిక్ నెత్తిన మూడేళ్లలో పడింది. ఈ కుదింపును తలచుకుంటే ఇక్కడి వృత్తి తట్టుకుని నిలబడటమే ఎక్కువనిపిస్తుంది. తయారీదారులకూ ఈ సంగతి తెలుసు. అశోక్ లేలాండ్ 2017లో బీఎస్-4ను అందుకోవడానికి పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకే పంపే ఈజీఆర్ పద్ధతి మీద నడిచే ఐఈజీఆర్ అనే దారి పట్టి, తెలిసిన ఇన్‌లైన్ పంపునే ఎలక్ట్రానిక్ అదుపుతో కొనసాగించింది. రోడ్డు పక్క మెకానిక్‌కు చేతకాని బండిని ఓనరు కొనడానికి జంకుతాడన్న వ్యాపార లెక్క అందులో ఉందని నా అంచనా. ఆ దారి బీఎస్-6తో ముగిసింది.

ఇక అభ్యంతరాలు. అందరూ మొదట అనేది, సెన్సర్లు బండిని నాజూకు చేశాయని, పాత లారీ ఎక్కడా ఆగేది కాదని. పాత లారీ ఆగకపోవడానికి కారణం అది తన బాధను దాచుకోవడం. ఇంటర్‌కూలర్ హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలితే పాత బండి పొగపెడుతూ, డీజిల్ తాగుతూ, టర్బోను వేయించుకుంటూ నెలలు నడిచేది. కొత్త బండి బూస్ట్ రావడం లేదని లైటు వెలిగించి బలం తగ్గించుకుంటుంది. అప్పుడు దోషం సెన్సర్ మీద పడుతుంది, ఎందుకంటే కబురు తెచ్చినది అదే. సెన్సర్ మార్చినా లైటు ఆరదు. నిజానికి చచ్చే సెన్సర్లు తక్కువ. ఎక్కువగా జరిగేది ఈజీఆర్ మసీ, ఇంజన్ నుంచి వచ్చే నూనె ఆవిరీ కలిసి థర్మిస్టరు పూస మీద తారులా పేరుకోవడం, దానివల్ల వేడి మార్పు ఆలస్యంగా తెలియడం. లేదా కనెక్టరు పిన్నుకు చిలుము పట్టడం, లేదా ఓ-రింగు ఎండి గాలి కారడం. సెన్సర్ నిజం చెబుతోందా లేదా తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పితే మానిఫోల్డ్‌లో ఉండేది బయటి గాలే. సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు పైనున్న గద్వాలలో అది 96, 97 కిలోపాస్కళ్లు చూపించాలి. అలా చూపిస్తే సెన్సర్ మంచిది, తప్పు ఇంకెక్కడో ఉంది. అదే బండి మన్ననూరు దాటి అమ్రాబాద్ గుట్టలెక్కుతుంటే ఆ అంకె తనంతట తాను దిగుతుంది, వెయ్యి మీటర్ల ఎత్తుకు పదకొండు శాతం చొప్పున. రబ్బరు పొర దగ్గర ఇలా అడిగి తెలుసుకునే వీలు ఎన్నడూ లేదు. ఇంకో సంగతి. వేడి వైరు తెగితే సిగ్నలు 5 వోల్టుల దగ్గర నిలిచిపోతుంది, ఆ లెక్కన గాలి మైనస్ 40 డిగ్రీల చలిలో ఉండాలి. మే నెల గట్టులో అది కుదరదు కనుక ఈసీఎం తప్పును పట్టేస్తుంది. అయితే ఎవరైనా తెలివి ప్రయోగించి థర్మిస్టరు స్థానంలో 2,500 ఓముల రెసిస్టరు అతికిస్తే ఈసీఎంకు ఏడాది పొడుగునా 20 డిగ్రీల చల్లటి దట్టమైన గాలి కనబడుతుంది. లైటు ఆరిపోతుంది, పికప్ వచ్చినట్టూ ఉంటుంది. ఆ లెక్కమీద పడిన అదనపు డీజిల్ ఎండాకాలం లోడు మీద ఏంచేస్తుందో పైన చెప్పిన పాత సంగతే. సీలు తెంపి స్క్రూ తిప్పిన రోజులకు ఇది కొత్త రూపం.

రెండో అభ్యంతరం కాస్త బరువైనది. ఈ సెన్సర్లన్నీ ఢిల్లీ గాలి కోసం, చట్టం కోసం పెట్టినవి, లారీ ఓనరు కోసం కావు అంటారు. చట్టం తోసిందన్నది నిజం. పైన చెప్పిన తేదీలే సాక్ష్యం. కానీ ఇక్కడ రెండు వేరు వేరు శిక్షలను ఒకటిగా కలిపేస్తున్నారు. యూరియా ద్రవం అయిపోయినా, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను చూసే నాక్స్ సెన్సర్ పనిచేయకపోయినా బండి బలం తగ్గించేది చట్టం పెట్టిన బలవంతం. ఆ లోపాల వల్ల ఆ క్షణాన ఇంజన్‌కు కలిగే ప్రమాదమేమీ లేదు. ఇన్‌టేక్ గాలి మరీ వేడెక్కిందనో బూస్ట్ లెక్కకు మించిందనో బలం తగ్గించడం ఇంజన్ ప్రాణం కాపాడే పని. మొదటిదానిమీద ఓనరు కోపం నాకర్థమవుతుంది. సరుకుతో అర్ధరాత్రి పుల్లూరు టోల్ దగ్గర కదలని బండికి గాలి నాణ్యత గురించి చెబితే వినడు. రెండోదానిమీద కోపానికి అర్థం లేదు. నలభై ఎనిమిది టన్నులు లాగే ఇంజన్‌ను కంటిచూపు మీద నడపడం ఇప్పుడు కుదరదు. అయిదు లీటర్లకు వంద హార్స్‌పవర్ అడిగిన రోజుల్లో పొరపాటుకు చోటుండేది. ఆరేడు లీటర్లకు రెండువందల యాభై అడిగితే ఆ చోటు మిగలదు. బలం కావాలని కొన్నవాడు కొలతనూ దానితోపాటే కొన్నాడు.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే అది చాలామటుకు నిజం. సెన్సర్ చెప్పేది స్కానరుకు చెబుతుంది, స్కానరు ఇంగ్లీషులో చెబుతుంది, పూర్తి స్కానరు కంపెనీ సర్వీసు సెంటరు దగ్గరే ఉంటుంది. ఇందులో ఇంగ్లీషు భయం మాత్రం ఉన్నదానికన్నా పెద్దదిగా కనబడుతోందని నా వాదన. భారీ వాహనాల్లో వాడే అంతర్జాతీయ పద్ధతిలో తప్పులకు పేర్లు కాదు, అంకెలు. 102 అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పీడనం, 105 అంటే అక్కడి గాలి వేడి. పక్కన 3 ఉంటే వోల్టేజి ఉండవలసినదానికన్నా ఎక్కువ, 4 ఉంటే తక్కువ. 105 పక్కన 3 పడిందంటే ముందు చూడవలసింది తెగిన వైరు, 4 పడితే ఎర్తుకు ఆనుకున్న వైరు. లారీ నంబర్లు, టైరు కొలతలు, ఫిల్టరు పార్ట్ నంబర్లు అంకెల్లోనే గుర్తుపెట్టుకునే వృత్తికి ఇవి గుర్తుండవనడం ఆ మనుషులను తక్కువ చేయడమే. మల్టీమీటరు ఇప్పుడు ఏ చౌరస్తా ఎలక్ట్రీషియన్ జేబులోనైనా ఉంటుంది. నిజమైన తాళం వేరేచోట ఉంది. ఫలానా ఇంజన్‌లో ఫలానా లోడు దగ్గర బూస్ట్ ఎంత ఉండాలి, సెన్సర్ పట్టిక ఏమిటి, కొత్త భాగం బిగించాక ఈసీఎంకు దాన్ని ఎలా పరిచయం చేయాలి అన్న సమాచారం కంపెనీ గోడల లోపల ఉంది. కార్ల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలు విడిభాగాలనూ పరీక్షా పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని తేల్చి, రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచి, అందులో వాహనాలనూ చేర్చింది. యూరపులో కార్ల విషయంలో ఈ సమాచారం బయటివాళ్లకు ఇవ్వాలని 2007లోనే చట్టం వచ్చింది, మనకది ఇంకా కంపెనీ దయ.

దీనికి విరుగుడుగా ఐటీఐ చదువును చూపించేవాళ్లున్నారు. మెకానిక్ డీజిల్ ట్రేడు ఏడాది కోర్సు, సిలబస్‌లో కామన్ రైలూ సెన్సర్లూ ఉన్నాయి. చేరడానికి పదో తరగతి పాసవాలి. బడి మానేసి టిప్పరు ఎక్కినవాడు, పదిహేనేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాడు ఆ గడప తొక్కలేడు. పాత విద్య చేతిలో ఉన్నవాళ్లకు కొత్త కొలతను నేర్పే చోటు ఈ మూడు జిల్లాల్లో కనిపించకపోవడమూ, ఆ విద్య లేనివాళ్లకు మాత్రం తరగతిగది తెరిచి ఉండటమూ చూస్తే, వనపర్తి కోటకూ చౌరస్తా షెడ్డుకూ మధ్య 1959 నుంచి ఉన్న ఎడమే ఇప్పుడు డబ్బు రూపంలో లెక్క తేలుతోందనిపిస్తుంది. ఒక వైరు పిన్ను తుడిస్తే పోయే తప్పుకు లారీ కర్నూలుకో మహబూబ్‌నగర్‌కో తాడు కట్టుకుని పోతుంది. ఆ తాడు ఖర్చు ఓనరుది, పోయిన పని గట్టు మెకానిక్‌ది.